ఆదివారం నాటికి పెట్టె చేరింది

2023 జనవరిలో గోడకు కొత్త క్యాలెండర్ తగిలిస్తూ జూన్ నెల తిప్పి చూశాను. 25వ తేదీ ఆదివారం పడింది. 1961లో కూడా జూన్ 25 ఆదివారమే. ఆ రోజు న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే నేలమాళిగ క్లబ్బులో జాజ్ సంగీతం: బిల్ ఎవాన్స్ పియానో, స్కాట్ లఫారో బాస్ (లావు తీగెల పెద్ద వాద్యం), పాల్ మోషన్ డ్రమ్స్. మధ్యాహ్నం రెండు విడతలు, రాత్రి మూడు విడతలు వాయించారు. రివర్‌సైడ్ కంపెనీ అంతా రికార్డు చేసింది. పదకొండు రోజులకు, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి అతనికి 25 ఏళ్లు.

ఆ రోజు వాయించినదంతా వాయించిన వరుసలోనే నాలుగు ఎల్పీల, అంటే నాలుగు పెద్ద గ్రామఫోన్ రికార్డుల, పెట్టెగా వచ్చింది. దాన్ని తెప్పించుకుని, జూన్ 25 ఆదివారం హనుమకొండలో మా ఇంట్లో మధ్యాహ్నపు విడతలు మధ్యాహ్నం, రాత్రి విడతలు రాత్రి వినాలని ఆ క్యాలెండర్ ముందే నిశ్చయించుకున్నాను. అయిదు నెలల టైముంది కదా అనుకున్నాను.

జాజ్ నాకు వరంగల్ ఆర్ఈసీలో, అంటే ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీలో, హాస్టల్లో ఉండగా అంటుకుంది. ఇప్పుడు ఎన్ఐటీ అంటున్నారు. అక్కడ సగం మంది పిల్లలు బయటి రాష్ట్రాల వాళ్లే. మా వరండాలో ఒక బెంగాలీ సీనియర్ దగ్గర తొంభై నిమిషాల క్యాసెట్ ఉండేది, ఒక వైపంతా ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’. అదీ ఆ ఆదివారం రికార్డయిందే. కాపీ చేసుకుని, టేపు సాగి పియానో వంకర పోయేదాకా విన్నాను. ఆ కాలేజీకి నెహ్రూ 1959లో శంకుస్థాపన చేశారు. అదే ఏడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ వచ్చింది; మింగస్, బ్రూబెక్, ఆర్నెట్ కోల్మన్‌ల గొప్ప రికార్డులు కూడా వచ్చాయి. రెంటికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ గేటు ముందు నుంచి పోతుంటే ప్రతిసారీ గుర్తొస్తుంది.

‘కైండ్ ఆఫ్ బ్లూ’ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మొదటి ప్రెస్సింగే, అంటే తొలి ముద్రణే, కావాలని పట్టుబట్టి వేలకు వేలు పోసేవాళ్లతో నాకు పేచీ ఉంది. 1959 మార్చి 2న ఆ రికార్డింగ్ జరిగినప్పుడు అసలు టేపు మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా ఎక్కిన టేపును మామూలు వేగంతో నడిపితే శ్రుతి పెరుగుతుంది. అందుకే ఆ రోజు వాయించిన మూడు పాటలు, అంటే మొదటి వైపు మొత్తం, ముప్పై ఏళ్లకు పైగా ప్రపంచమంతా హెచ్చు శ్రుతిలోనే విన్నది. పక్కన సరైన వేగంతో తిరిగిన రెండో మెషీన్ టేపు నుంచి 1992లో సరిదిద్దారు. అంటే అందరూ కళ్లకద్దుకునే తొలి ముద్రణలో ఉన్నది తప్పు శ్రుతి. పాత అట్ట మీద ప్రేమ ఉంటే కొనుక్కోవచ్చు, నాకూ ఉంది. వినడానికైతే తరువాత మళ్లీ వేసిన మంచి రీఇష్యూయే మేలు.

పెట్టెల సంగతికొస్తే, నా మాట మొదటి నుంచీ ఒకటే: ఏ సంగీతకారుడినైనా పెట్టెతో మొదలుపెట్టొద్దు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. శాక్సోఫోన్ వాయించిన చార్లీ పార్కర్ అప్పటికి నాకు సరిగా తెలియదు, సవాయ్ కంపెనీకి చేసిన రికార్డింగులన్నీ ఉన్న సీడీల పెట్టె కొన్నాను. ఒకే పాటను మళ్లీ మళ్లీ వాయించి చేసిన రికార్డింగులు: ఒకటో టేకు, రెండో టేకు, మధ్యలో ఆగిపోయిన ముక్క, మళ్లీ మూడోది, అన్నీ వరుసగా. అరగంటకే అలసిపోయి మూసేశాను. పదేళ్ల తర్వాత, ఆ పాటలు నోటికి వచ్చాక మళ్లీ తెరిస్తే అదే పెట్టె బంగారం. 1945 నవంబర్ 26న ‘చెరోకీ’ అనే పాత పాట ఆధారంగా కట్టిన ‘కోకో’ తొలి టేకులో వాళ్లు అలవాటు కొద్దీ ‘చెరోకీ’ అసలు వరుసలోకి జారిపోవడం, వెంటనే ఆపేయడం, మళ్లీ మొదలుపెట్టి అంత వేగం అందుకోవడం... పాట తెలిసినవాడికే ఆ ఆగిపోయిన ముక్క విలువ తెలుస్తుంది.

ఎవాన్స్ విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. లఫారో పోయాక వచ్చిన తొలి ఎల్పీలో పాటల్ని అతని బాస్ బాగా వినపడేలా ఏరి కూర్చారు. అతను రాసిన పాటతో మొదలై అతను రాసిన పాటతోనే ముగుస్తుంది. మిగిలినవాటిలోంచి ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ తరువాత వచ్చింది. ఆ రెండు ఎల్పీలూ దుఃఖంలో ఉన్న మనుషులు చేసిన ఎంపిక, అందుకే అంత బాగుంటాయి. పెట్టెలో దుఃఖం లేదు, అది ఇంకా జరగలేదు. ముగ్గురు మనుషులు ఆదివారం డ్యూటీకి వచ్చి వాయిస్తున్నారంతే. ఎల్పీలతో ఏళ్లు గడిపినవాడికే ఈ తేడా గుండెకు తగులుతుంది. నాకు ముప్పై ఏళ్లు పట్టింది, ఇక కొనొచ్చని నాకు నేనే అనుమతి ఇచ్చుకున్నాను.

మార్చిలో ఒక విదేశీ అమ్మకందారు దగ్గర, ఒకరు వాడిన పెట్టె దొరికింది. రికార్డులు ‘నియర్ మింట్’, అంటే దాదాపు కొత్తవే, అని రాశాడు. ధర మన డబ్బుల్లో 11,000. పోస్టు ఖర్చు 3,500. ఏప్రిల్ రెండో వారంలో దేశంలో దిగింది. తర్వాత ట్రాకింగ్‌లో ‘కస్టమ్స్ దగ్గర ఉంది’ అన్న ఒక్క ముక్క దగ్గరే 19 రోజులు ఆగింది. ఆ తరువాత ఉత్తరం వచ్చింది: ఇన్వాయిస్, డబ్బు కట్టిన రుజువు, గుర్తింపు కార్డు కావాలని.

కాజీపేటలో పొద్దున బండెక్కి హైదరాబాద్ పోయాను. ఇన్వాయిస్ ఉంది, ఆధార్ ఉంది. డబ్బు కట్టిన రుజువంటే నా ఫోన్‌లో మెసేజ్ చాలదన్నారు, బ్యాంకు స్టేట్‌మెంట్ కావాలన్నారు, దాని మీద ముద్ర ఉండాలన్నారు. ఉత్తరంలో ఆ మాట లేదు. ఒక రోజు సెలవు, రానూపోనూ 260 కిలోమీటర్లు వృథా. మళ్లీ వారం పోయాను. మీరెవరైనా తెప్పించుకుంటే ముద్ర వేయించిన స్టేట్‌మెంట్ ముందే దగ్గర పెట్టుకోండి.

సుంకం లెక్క కూడా దాచను. అప్పట్లో సొంత వాడకానికి తెప్పించుకున్న సరుకుకు 35 శాతం సుంకం, ఆ సుంకం మీద 10 శాతం సెస్సు, మొత్తం మీద 28 శాతం ఐజీఎస్టీ. అన్నీ కలిసి 77.28 శాతం. నేను చేసిన పొరపాటు వస్తువు ధర మీదే లెక్క వేసుకోవడం. పోస్టు ఖర్చును కూడా కలిపి వేస్తారు. 14,500 మీద 11,200 పైచిలుకు పడింది. మొత్తం 25,700. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, ఇది నాకు చిన్న మొత్తం కాదు. మా ఆవిడ లెక్క విని కాసేపు ఊరుకుని, “అది మంచిగ వచ్చిందా లేదా చూడు ముందు” అన్నది.

మంచిగా రాలేదు. జూన్ 14న పోస్ట్‌మ్యాన్ “సార్, బరువున్నది, జాగ్రత్త” అని చేతికిచ్చాడు. మూడు రికార్డులు నిగనిగలాడుతున్నాయి. మిగిలిన ఒకటి పళ్లెంలా వంగింది. టర్న్‌టేబుల్ మీద పెడితే ముల్లు గుట్టెక్కి దిగుతోంది. మేలో ఏ వ్యానులోనో, ఏ రేకుల షెడ్డు కిందో ఉడికి ఉంటుంది. రికార్డు అంటే పీవీసీ, అరవై డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. మన ఎండల్లో తలుపులేసిన కారు లోపల ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. 2018లో నేనే ఒక రికార్డును సీటు మీద మరిచిపోయి పాడుచేసుకున్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో రికార్డులన్నీ పడమటి గోడకు దూరంగా, నిలువుగా, ఒకదానిపై ఒకటి వాలకుండా ఉంటాయి. లోపలి తొడుగులు పాలిథీన్‌వి. మెరుస్తాయని పీవీసీ తొడుగులు వాడితే కొన్నేళ్లకు రికార్డు మీద మసక పొర కడుతుంది.

ఓవెన్‌లో పెట్టి సరిచేస్తామనేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. నేను హనుమకొండ చౌరస్తా దగ్గర అద్దాల దుకాణంలో 10 మిల్లీమీటర్ల మందం అద్దాలు రెండు కోయించాను, అంచులు రాయించాను. రికార్డును కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, రెండు అద్దాల నడుమ పెట్టి, పైన కిరాణా కొట్టు నుంచి అడిగి తెచ్చిన అయిదు కిలోల తూకం రాళ్లు రెండు ఎత్తాను. ఎండ తగలని గదిలో పెట్టాను. ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి, నీడలో కూడా సెగ తగ్గలేదు, ఆ సెగే ఈ పనికి పనికొచ్చింది. తొమ్మిది రోజులు ముట్టుకోలేదు. 23వ తేదీ రాత్రి తీసి చూస్తే పూర్తిగా చదును కాలేదు గానీ ముల్లు హాయిగా నడిచేంతగా దిగింది.

ముల్లు బరువు సంగతి కూడా అప్పుడే మళ్లీ సరిచూసుకున్నాను. ముల్లును పట్టి ఉంచే నా కార్ట్రిడ్జికి 2 గ్రాములుండాలి. ఎక్కువైతే గాడి అరుగుతుంది, మరీ తక్కువైతే ముల్లు గాడిలో కుదురుగా ఉండక ఎగిరెగిరి ఇంకా పాడుచేస్తుంది, వంగిన రికార్డు మీద మరీను. మా వీధిలో కంసాలి అన్న తన బంగారం తూకం యంత్రం తెచ్చి టర్న్‌టేబుల్ మీద పెట్టాడు. “రెండు గ్రాములంటే ముక్కుపుడకలు నాలుగొస్తయి సారూ, గంత బరువు మీదనే పాటొస్తదా?” అని ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. 2.3 ఉంది. తగ్గించాము.

25వ తేదీ మూడు గంటలకు కర్టెన్లు వేసి మొదలుపెట్టాను. మొదటి పాట ‘గ్లోరియాస్ స్టెప్’, లఫారోది. సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి శబ్దం తెగింది. వంటింట్లోంచి మా అవ్వ, “కరెంటు పోయిందా ఏంది కొడుకా?” అన్నది.

పోయింది నిజమే. అరవై రెండేళ్ల కింద, న్యూయార్క్‌లో, టేపు మెషీన్‌కు. అందుకే ఆ తొలి టేకును పాత ఎల్పీలో వేయలేదు. పెట్టెలో ఆ తెగిన చోటును అలాగే ఉంచారు. అవ్వకు ఆ సంగతి చెప్తే వచ్చి కుర్చీలో కూర్చుంది. తర్వాత లేవలేదు.

క్లబ్బులో గ్లాసుల చప్పుడు, జనం నవ్వులు, మాటలు బాగా వినపడతాయి. “గంత మంచిగ వాయిస్తుంటే గా ముచ్చట్లేంది వాళ్లకు?” అని అవ్వకు కోపమొచ్చింది. నాకూ మొదట్లో వచ్చేది. ఇప్పుడు ఆ చప్పుడు లేకుండా ఆ రికార్డు ఊహించుకోలేను.

‘ఆల్ ఆఫ్ యూ’ ఆ రోజు మూడుసార్లు వాయించారు: మధ్యాహ్నం మొదటి విడతలో, రాత్రి మొదటి విడతలో, ఆఖరి విడతలో. సీడీలో ఒకదాని వెంట ఒకటి వేసుకుని పోల్చి చూశానుగానీ ఇలా గంటల తేడాతో వినడం వేరు. మధ్యలో టీ తాగాము, అవ్వ దీపం పెట్టింది, జొన్నరొట్టె తిన్నాము. రాత్రి తొమ్మిదిన్నరకు మూడోసారి ఆ పాట వచ్చేసరికి మధ్యాహ్నం విన్నది మనసులో సగం మిగిలి సగం చెదిరి ఉంది. వాళ్లకూ అలాగే ఉండి ఉంటుంది.

ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గుకథ విన్నవాళ్లకు ఆ ముగ్గురి పద్ధతి కొత్తగా అనిపించదు. మల్లన్న కథ అందరికీ తెలిసిందే. కథకుడు ఒక మాట ఎత్తుకుంటే పక్కవాడు ఊకొట్టి ఊరుకోడు, ఆ మాటను అందుకుంటాడు, ఎదురు ప్రశ్న వేస్తాడు, ఒక్కోసారి కథను తనవైపు లాక్కుంటాడు, డోలు ఆ ఇద్దరినీ కనిపెట్టుకుని ఉంటుంది. అంతకుముందు జాజ్‌లో బాస్ పని ఎక్కువగా నడక తప్పకుండా చూడడమే. లఫారో ఎవాన్స్‌తో మాటకు మాట కలిపాడు. నేను ఇలా చెప్తుంటే అవ్వ, “ఔ, గా లావు తీగెలోడు మారు పలుకుతున్నడు” అన్నది. ఎవ్వరూ నేర్పకుండా పట్టుకుంది.

ఆఖరున ‘జేడ్ విజన్స్’ రెండుసార్లు, తర్వాత కొన్ని క్షణాల వాయింపు, అంతే. ముల్లు ఎత్తేసరికి పది దాటింది. వంగిన రికార్డు ఎక్కడా గాడి తప్పలేదు.

బుక్‌లెట్ పెట్టెలో సర్దుతూ సుంకం రసీదు కూడా దానిలోనే పెట్టాను. ఈ పెట్టె ఎవరి చేతికి పోయినా అది హనుమకొండకు ఎలా వచ్చిందో తెలియాలి. అవ్వ లేచి నిలబడి, రాత్రి నెమ్మదిగా వచ్చిన పాట ఒకటుంది, అది మళ్లా వేయమని అడిగింది. పేరు చెప్పలేకపోయింది, రాగం తీసి చూపింది. ‘పోర్గీ’. వంగిన రికార్డు మీదే ఉంది అది. మళ్లీ వేశాను.