నీళ్లకు కూడా బ్యాండ్ వచ్చింది

మొన్న రాత్రి జెల్ (డీఎన్ఏ ముక్కల్ని పొడవును బట్టి విడదీసే జిగురు పలక) చూసి ఎగిరి గంతేసినంత పని చేశాను. అన్నాళ్లూ మొరాయించిన ప్రైమర్, అంటే డీఎన్ఏలో నాక్కావలసిన చోటును పట్టుకునే చిన్న ముక్క, చివరికి పనిచేసింది. 8 మొక్కలకు 8 బ్యాండ్లు, అంటే డీఎన్ఏ గీతలు. ఆ తర్వాత తొమ్మిదో లేన్ (వరుస) చూశాను. అందులో పోసింది డీఎన్ఏ లేని ఉత్త నీళ్లు, ఏమీ రాకూడదు. అక్కడా బ్యాండ్ ఉంది!

అంటే ఎక్కడో కల్తీ. నేను మూత తీసి మర్చిపోయిన నీళ్ల ట్యూబు మీదే నా అనుమానం. మొత్తం చెత్తబుట్టలోకి.

నా మొక్క మారెడు గడ్డలు. మా వైపు నన్నారి షర్బత్‌కీ, ఊరగాయకీ వాడతారు. ఆ వాసన ఇచ్చే పదార్థం వనిలిన్‌కు దాయాదే: పరమాణువులు అవే, అమరిక వేరు. చిక్కేంటంటే, గడ్డ తవ్వేస్తే తీగ పోతుంది. అడవిలో మిగిలినవాటిలో ఎంత తేడా ఉందో తెలియకుండా నర్సరీ పెడితే, ఒకే తల్లి పిల్లల్ని కొండంతా నాటుకుంటాం.

పర్మిషన్ తీసుకుని తలకోన వైపు డీఎన్ఏ కోసం ఆకులు కోస్తుంటే, దారి చూపించిన తాత నవ్వాడు.

"ఆకులేం జేసుకుంటావు పాపా? వాసనంతా గడ్డలో గదా ఉండేది!"

"నాకు ఆకు చాలు తాతా" అన్నాను గొప్పగా.

చాల్లేదు. పాలు కారే తీగ కదా, డీఎన్ఏ తీస్తే చీమిడిలా జిగటగా, గోధుమరంగులో వచ్చేది. రంగు తగ్గడానికి పీవీపీ అనే పొడి పెంచాను, జిగట తగ్గడానికి ఉప్పు పెంచాను. అందులో కలిపే మెర్కాప్టోఇథనాల్ అనే రసాయనం కంపు జుట్టుకు పట్టి హాస్టల్ మెస్‌లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

నేను వెతికేది డీఎన్ఏకు నత్తి ఉన్న చోట్లు. జీ, ఏ అనే డీఎన్ఏ అక్షరాలు జీఏ జీఏ జీఏ అని ఒక మొక్కలో 8 సార్లు వస్తే, పక్కదాంట్లో 11 సార్లు రావచ్చు. ఆ నత్తికి అటూ ఇటూ ప్రైమర్లు పెట్టి పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కకు బోలెడు నకళ్లు తీసే పద్ధతి) పెంచితే, పొడవులో తేడా జెల్ మీద బ్యాండ్ ఎత్తులో తెలిసిపోతుంది. ఒక్కోసారి అన్ని మొక్కలకూ ఒకే ఎత్తులో వస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, వైవిధ్యం లెక్కకు మాత్రం పనికిరాదు.

ఇవాళ కొత్త నీళ్లు, కొత్త టిప్పులు. తొమ్మిదో లేన్ ఖాళీ. అయిదో మొక్కకు మాత్రం రెండు బ్యాండ్లు, తల్లిదొకటి, తండ్రిదొకటి. లేబుల్ చూశాను. బండ చాటున తాత వేలు పెట్టి చూపించిన తీగ అది.