బొమ్మ తుపాకీ మీద నగిషీ: వాటం చూసి ఉలి పట్టండి

చెక్క బొమ్మ తుపాకీ మీద నగిషీ చెక్కేటప్పుడు ఎక్కువగా దెబ్బతినే చోటు పిడి. గొట్టం పొడవునా నార నిలువుగా సాగుతుంది కాబట్టి అక్కడ ఉలి సాఫీగా నడుస్తుంది. పిడి ఏటవాలుగా కిందికి దిగుతుంది. ఒకే పలకలోంచి కోసిన తుపాకీలో నార పిడికి అడ్డం పడుతుంది. అలాంటి చోట నార వెంబడి లోతైన గాడి తీస్తే, ఇక్కడే విరగమని గీత గీసి ఇచ్చినట్టే.

అందుకే డిజైన్ కన్నా ముందు వాటం, అంటే నార సాగే దిశ, చూసుకోవాలి. పలక మీద ఆకారం గీసేటప్పుడే నార గొట్టానికీ పిడికీ మధ్య కోణంలో పోయేలా తిప్పి పెట్టుకోవచ్చు. ఇంకా గట్టి పద్ధతి, పిడిని విడి ముక్కగా, దాని పొడవునా నార ఉండేలా కోసి, 8 మిల్లీమీటర్ల చెక్క మేకులు రెండు వేసి జిగురుతో అతకడం. పలక మందం 22 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంటే, రెండు వైపులా 2 మిల్లీమీటర్ల లోతు చెక్కినా బలం మిగులుతుంది.

చెక్కల్లో చేయి తిరగడానికి బాస్‌వుడ్‌ని మించింది లేదు. మెత్తగా, అంతటా ఒకే తీరుగా తెగుతుంది. వాల్‌నట్, చెర్రీ గట్టివి, కానీ సన్నని గీతను చక్కగా నిలుపుతాయి. పైన్‌లో మెత్తని చార, గట్టి చార పక్కపక్కనే ఉంటాయి. కత్తి మెత్తని చోట మునిగి, గట్టి చోట ఎగిరి, గీత వంకరపోతుంది. టేకులో సహజంగా ఉండే సిలికా అంచును త్వరగా మొండి చేస్తుంది. ప్లైవుడ్, చెక్కపీచును అదిమి చేసే ఎండీఎఫ్ పలక ఈ పనికి రావు.

ముందు ఆకారం పూర్తి చేసి, అంచులు గుండ్రం చేసి, 180 నంబరు గరుకు కాగితంతో రుద్ది, బ్రష్‌తో గట్టిగా దులపాలి. గరుకు రేణువులు చెక్క రంధ్రాల్లో మిగిలిపోతే ఉలి అంచు క్షణాల్లో పోతుంది. నగిషీ పూర్తయ్యాక మాత్రం గరుకు కాగితం ముట్టుకోకండి. పదునైన శిఖరాలు అరిగిపోయి పనంతా సబ్బుబిళ్ల మీద చెక్కినట్టు కనిపిస్తుంది.

పనిముట్లు మూడు చాలు: పొట్టి చెక్కుడు కత్తి, 60 డిగ్రీల వీ ఉలి, నోరు వంపుగా ఉండే 7వ నంబరు గౌజ్ ఒకటి, 8 లేదా 10 మిల్లీమీటర్ల వెడల్పుది. 1000 నంబరు సానరాయి మీద పదును పెట్టి, పాలిష్ పేస్టు రాసిన తోలుపట్టీ మీద వెనక్కి లాగాలి. పని మధ్యలో పావుగంటకోసారి మళ్లీ తోలు మీద పదిసార్లు. పరీక్ష తేలిక: వృథా ముక్క మీద నారకు అడ్డంగా కోస్తే కోత మెరవాలి. పీచు లేస్తే పదును చాలలేదని అర్థం.

తుపాకీని వైస్‌లో తోలుముక్కల మధ్య బిగించి, రెండు చేతులూ ఎప్పుడూ ఉలి అంచుకు వెనకాలే ఉంచండి. చేత్తో పట్టుకుని చెక్కక తప్పకపోతే కోతకు ఓర్చే తొడుగు వేసుకోవాలి.

డిజైన్ దింపడానికి మెత్తని పెన్సిల్ మేలు. కార్బన్ కాగితం మరక నూనె పూశాక కూడా తేలుతుంది. అంచుల నుంచి 5 మిల్లీమీటర్లు, గొట్టం చివర 15 మిల్లీమీటర్లు ఖాళీగా వదలండి. గొట్టం కొసకు ముదురు నారింజ రంగు వేయాలి, అది దూరం నుంచే బొమ్మ అని తెలియాలి. నగిషీ ఎంత బాగా కుదిరితే ఈ జాగ్రత్త అంత అవసరం. ట్రిగర్ చుట్టూ ఉన్న సన్నని వంపును చెక్కకుండా వదిలేయడమే మంచిది.

గొట్టం మీద త్రికోణపు గుంటల వరస అందంగా ఉంటుంది. ఒక్కో గుంటకు మూడు కోతలు, మూడూ అడుగున ఒకే బిందువులో కలవాలి. కలిస్తే ముక్క దానంతటదే ఊడుతుంది. ఊడలేదంటే ఎక్కడో కోత అందలేదు. కత్తి మొనతో పెకిలించకుండా అదే కోతను ఇంకాస్త దించండి.

పిడి మీద పట్టు కోసం వజ్రాల గళ్లు వేస్తారు. ఒక్కో గడి పొడవు వెడల్పుకు సుమారు మూడింతలుంటే కంటికి ఇంపుగా ఉంటుంది. మెత్తని చెక్కలో గీతల మధ్య 3 మిల్లీమీటర్లకు తగ్గితే గళ్ల మొనలు రాలిపోతాయి. మొదటి విడత రెండు దిశల్లోనూ సగం లోతు, రెండో విడతలో పూర్తి లోతు. ఒక దిశను ముందే పూర్తిగా దించేస్తే, రెండో దిశ కోతకు ఆసరా లేక మొనలు చిట్లుతాయి. గీతను హద్దుకు 2 మిల్లీమీటర్ల ముందే ఆపి, మిగిలింది హద్దు నుంచి లోపలికి కోయాలి.

అసలు పరీక్ష లతల వంపుల దగ్గరే. వీ ఉలి వంపు తిరిగేటప్పుడు గాడి ఒక గోడ వాటానికి, రెండోది ఎదురువాటానికి తెగుతుంది. ఎదురువాటం గోడ పీచులు లేపుతుంది. ఒకేసారి లోతు దిగకుండా మూడు పలుచని విడతల్లో తీసి, చివరి విడతలో చెడిన గోడను మాత్రం వ్యతిరేక దిశ నుంచి కత్తితో సవరించండి. గట్టి చెక్క మొండికేస్తే నీళ్లు, ఆల్కహాల్ సమపాళ్లలో కలిపి కొద్దిగా చిలకరిస్తే నార మెత్తబడుతుంది.

ముక్క లేచిపోతే పారేయకండి. వెంటనే తెల్ల జిగురు పెట్టి, టేపుతో బిగించి, రాత్రంతా వదిలేస్తే అతుకు కనపడదు. రంపపు పొట్టును జిగురులో కలిపి పూడిస్తే ఆ మచ్చ నూనె పట్టక వేరే రంగులో బయటపడుతుంది.

పూతకు మినరల్ ఆయిల్, తేనెమైనం చాలు. పలుచగా పూసి, గళ్లలో నిలిచిన నూనెను పాత టూత్‌బ్రష్‌తో తీసేయాలి, లేకుంటే అక్కడ దుమ్ము పేరుకుంటుంది. అవిసె నూనె వాడితే, తుడిచిన గుడ్డలను కుప్పగా పడేయకండి, వాటికవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరబెట్టాకే పారేయాలి.