సుద్దగీత వెంట పదహారేళ్లు

2007 వేసవిలో జనగామ దగ్గరి మా ఊళ్లో, మా మేనమామ పిండి గిర్నిలో, అరువు తెచ్చుకున్న ఒక మినీడీవీ (చిన్న డిజిటల్ టేపు) హ్యాండీక్యామ్‌తో నేను పద్దెనిమిది నిమిషాల వీడియో ఒకటి తీశాను. అందులో కథ లేదు, మాట లేదు, మనిషి ముఖం కూడా కనిపించదు. మోటారు పుల్లీ మీద సుద్దముక్కతో నేను గీసిన ఒక తెల్లని గీత, దాని పక్కన పరుగెత్తే పట్టా, గాలిలో లేచే పిండి, రేకుల కప్పుకు పడిన చిల్లులోంచి దిగే ఎండ, అంతే. మూడు తట్టల జొన్నలు ఒకదాని తర్వాత ఒకటి విసరడానికి పట్టిన సమయమే ఆ వీడియో నిడివి. దాన్ని గ్యాలరీ గోడ మీదికి, సినిమా హాలు తెర మీదికి, మరొకరు కూర్చిన కార్యక్రమంలోకి చేర్చడానికి నాకు పదహారేళ్లు పట్టింది. ఆ క్రమంలో తెలుసుకున్నవి ఏ కళాశాలలోనూ నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆ గీత సంగతి చెప్పాలి, ఎందుకంటే తర్వాత వచ్చిన చిక్కులన్నీ దాని చుట్టూ తిరిగినవే. మోటారుకు బిగించిన రేకు మీద నిమిషానికి 1440 చుట్లు అని రాసి ఉంది, అంటే సెకనుకు 24. మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ పద్ధతిలో కెమెరా సెకనుకు 25 ఫ్రేములు తీస్తుంది, కానీ ఒక్కో ఫ్రేము నిజానికి రెండు సగాలు: బేసి వరుసలు ఒక సగం, సరి వరుసలు ఇంకొక సగం, రెంటికీ మధ్య సెకనులో యాభయ్యో వంతు తేడా. ఆ సగాలనే ఫీల్డులు అంటారు. ఒక ఫీల్డుకూ మరో ఫీల్డుకూ మధ్య పుల్లీ దాదాపు అర చుట్టు తిరుగుతుంది కాబట్టి, షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని సెకనులో వెయ్యో వంతుకు తగ్గించి తీసినప్పుడు, నేను గీసిన ఒక్క గీత ఎదురెదురుగా రెండు గీతలై కనిపించింది. సెకనుకు పూర్తిగా 25 చుట్లు తిరగదు కనుక ఆ రెండు గీతలూ మెల్లగా వెనక్కి నడుస్తున్నట్టు ఉంటాయి. జొన్నలు పోసినప్పుడు బరువు పడి మోటారు కాస్త మందగిస్తుంది, అప్పుడు గీతలు వెనక్కి వేగంగా జారతాయి. తట్ట ఖాళీ అయ్యేకొద్దీ మళ్లీ నెమ్మదిస్తాయి. గింజల బరువు గీత నడకలో కనబడుతోందన్న సంగతి నాకు ఇంటికి వచ్చి టీవీలో చూసుకున్నాకే తెలిసింది. తీస్తున్నప్పుడు మామయ్య మాత్రం, “గిది రోజూ తిరిగేదే గదా అల్లుడా, దీన్ల ఏం జూస్తరు?” అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా పిండి తూచుకోవడానికి వెళ్లిపోయాడు.

ఆ టేపు బీరువాలో చీరల మడతల మధ్య పదకొండేళ్లు ఉంది. 2018లో దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకున్నప్పుడు మొదటి అడ్డంకి ఎదురైంది. మినీడీవీ టేపును కాపీ చేయడమంటే ఫైరువైరు తీగతో కెమెరాను కలిపి, టేపు ఆడినంతసేపూ కూర్చోవడమే. గంట టేపుకు గంట పడుతుంది, సుమారు 13 జీబీ అవుతుంది. నా దగ్గరున్న ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టే లేదు. పెళ్లిళ్ల వీడియోలు తీసే ఒక మిత్రుడి పాత కంప్యూటర్ మీద మూడుసార్లు ఎక్కించి, మచ్చలు పడని భాగాలను మూడింటిలోంచీ ఏరి అతికించాను. టేపులు దాచుకున్నవారు ఎవరైనా ఉంటే ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయవద్దని మాత్రం చెబుతాను, ఎందుకంటే టేపు బతికే ఉన్నా దాన్ని ఆడించే కెమెరాలు దొరకడం కష్టమవుతోంది.

2019లో హైదరాబాదులో ఒక సామూహిక ప్రదర్శనకు నా వీడియోను తీసుకున్నారు. ఆ గ్యాలరీ పేరు ఇక్కడ అనవసరం. ఫైలు పంపాను, ప్రారంభం రోజు సాయంత్రం కొత్త చొక్కా వేసుకుని వెళ్లాను. గోడకు తగిలించిన వెడల్పాటి టీవీలో గుండ్రని పుల్లీ కోడిగుడ్డులా సాగి ఉంది. నేను తీసినది వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు ఉండే నిష్పత్తి చిత్రం. టీవీని మొత్తం తెర నింపే అమరికలో పెట్టారు. అది చాలదన్నట్టు, పెన్ డ్రైవ్ నుంచి ఆడుతున్న ఆ టీవీ ప్రతి పద్దెనిమిది నిమిషాలకూ ఒక క్షణం నల్లబడి, ఫైలు పేరు చూపించి, మళ్లీ మొదలవుతోంది. గిర్ని ఆగనే ఆగదన్న భావన మీద నిలబడ్డ వీడియో అది. ఒక పెద్దాయన ఆ నల్లతెర చూసి, కరెంటు పోయినట్టు కూడా భలే తీశారని నన్ను మెచ్చుకున్నారు. నేను కృతజ్ఞతలు చెప్పాను.

ఇంకా పెద్ద నష్టం నాకు తప్ప ఎవరికీ కనిపించలేదు. ఫైలు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అంచులు దువ్వెన పళ్లలా కనబడకుండా ఉండాలని ప్రతి ఫ్రేములోనూ ఒక ఫీల్డును తీసిపారేసింది. దానితో రెండు గీతలలో ఒకటి మాయమైంది. తప్పు నాదే, ఎగుమతి చేసేటప్పుడు ఆ గడిలో టిక్కు పెట్టింది నేనే.

వీడియో కళ చరిత్ర కొంత చదివినవాడిని కనుక ఆ రాత్రి నన్ను నేను ఓదార్చుకోవడానికి, ఆ కళకు ఆద్యుడిగా పేరున్న నామ్ జూన్ పైక్‌ను తలచుకున్నాను. 1963లో జర్మనీలోని వుప్పెర్తాల్‌లో ఆయన పెట్టిన ప్రదర్శనకు తెచ్చిన టీవీలలో ఒకటి దారిలో దెబ్బతిని, బొమ్మంతా ఒక్క గీతగా కుంచించుకుపోతే, ఆయన ఆ టీవీని పక్కకు తిప్పి నిలబెట్టి ఆ నిలువు గీతనే ప్రదర్శించాడు. పాడైనదాన్ని కళగా స్వీకరించిన ఆ ఔదార్యం నాకు ఎందుకు రాలేదని ఆలోచించాను. అక్కడ పాడైనదాన్ని చూసి, నిర్ణయించి, తిప్పి నిలబెట్టిన చెయ్యి కళాకారుడిది. ఇక్కడ రిమోట్ పట్టుకున్నవారు వీడియోను చూడనే లేదు. నాకు ఆ ఔదార్యం రాకపోవడమే మంచిదనిపించింది.

మర్నాటి నుంచి ఒక సూచనల పత్రం రాయడం మొదలుపెట్టాను. మొదట్లో అరపేజీ ఉండేది, ఇప్పుడు నాలుగు పేజీలయింది. చిత్రం నిష్పత్తి, పక్కల మిగిలే ఖాళీ నల్లగానే ఉండాలన్న షరతు, శబ్దం ఏ స్థాయిలో ఉండాలి, గదిలో ఎంత చీకటి కావాలి, మధ్యలో నల్లబడకుండా తిప్పగల ప్లేయరు ఎలాంటిది, కూర్చోవడానికి బెంచీ ఎక్కడ వేయాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. గ్యాలరీ కోసం రెండు ఫీల్డులనూ విడివిడి ఫ్రేములుగా మార్చి సెకనుకు 50 ఫ్రేముల ఫైలు కొత్తగా చేశాను. రెండో గీత తిరిగి వచ్చింది.

చలనచిత్రోత్సవాలకు దరఖాస్తు చేయడం వేరే లోకం. ఫిల్మ్‌ఫ్రీవే లాంటి వేదికల మీద ఫారం నింపుతుంటే ప్రధాన పాత్రధారి ఎవరని, రచయిత ఎవరని అడుగుతుంది. మొదటిదాంట్లో ‘సుద్దగీత’ అని రాసి, మళ్లీ భయపడి చెరిపేశాను. మూడేళ్లలో ఇరవై మూడు చోట్లకు పంపాను, ఇరవై ఒక్క చోట్ల వద్దన్నారు. ఒకచోట కారణం కూడా చెప్పారు: వీడియోను నేను అప్పటికే ఇంటర్నెట్‌లో అందరికీ కనబడేలా పెట్టాను కనుక అది తొలి ప్రదర్శన కిందికి రాదట. అప్పటి నుంచి పాస్‌వర్డ్ పెట్టిన లింకే పంపుతున్నాను.

2022లో ఐరోపాలోని ఒక ఉత్సవం ఒప్పుకుంది, కానీ హాలులో ఆడాలంటే డీసీపీ కావాలని, అది సెకనుకు 24 ఫ్రేములలో ఉంటే మేలని రాసింది. డీసీపీ అంటే సినిమా హాళ్లలో రీలు స్థానంలో వచ్చిన డిజిటల్ ప్యాకేజీ. 25 ఫ్రేముల చిత్రాన్ని 24తో ఆడిస్తే 27,000 ఫ్రేములూ అవే ఉంటాయి, నిడివి మాత్రం 18 నిమిషాల 45 సెకన్లవుతుంది. ఆ నలభై ఐదు సెకన్లతో నాకు పేచీ లేదు. కానీ మోటారు గుంయ్‌మనే మోత మన కరెంటును బట్టి 100 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది. వేగం తగ్గితే అది 96కు దిగుతుంది. చెవి పెట్టి విన్నాను. మా ఊరి కరెంటు మోత కాదది, ఎవరిదో బద్ధకపు మోత. 25 ఫ్రేములతోనే డీసీపీ చేసి పంపుతానని, మీ సర్వర్ దాన్ని ఆడిస్తుందో లేదో ముందే పరీక్షించమని ప్రొజెక్షన్ చూసుకునే ఆమెకు ఉత్తరం రాశాను. రెండు రోజులకు ఆమె ఆడిందని జవాబిస్తూ, హాలులో తీసిన ఫొటో జతచేసింది. 1998 బై 1080 చట్రంలో నా చిత్రం 1440 వెడల్పుతో నడుమ నిలబడి, రెండు పక్కలా 279 పిక్సెళ్ల చొప్పున నలుపు కనిపించింది. పుల్లీ గుండ్రంగా ఉంది.

అయితే 25 ఫ్రేములలో రెండు ఫీల్డులనూ విడివిడిగా ఆడించే వీలు లేదు. ఒకటి పారేయాలి, లేదా రెండూ కలపాలి. నేను కలిపాను. అందువల్ల హాలులో రెండు గీతలూ ఒకేసారి, కొంచెం పలచబడి, ఎదురెదురుగా నిలిచి వెనక్కి నడిచాయి; గ్యాలరీలో అవి దడదడలాడుతూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. రెండూ ఒకే పనికి రెండు రూపాలని నేను ఒప్పుకున్నాను, పత్రంలోనూ అలాగే రాసుకున్నాను.

2023లో ఒక క్యూరేటర్, అంటే ఏవి ఏ వరుసలో చూపించాలో ఎంచే ఆమె, యంత్రాల గురించి డెబ్బై నిమిషాల కార్యక్రమం కూర్చుతూ నా వీడియోను ఆరింటిలో నాలుగోదిగా పెట్టింది. చివర్లో పెట్టమని నేను పట్టుబట్టాను. నాకు ముందు శబ్దమే లేని 16 ఎంఎం చిత్రం ఒకటి ఉందని, పది నిమిషాల నిశ్శబ్దం తర్వాత గిర్ని మోత మొదలైతే హాలు కుర్చీలకే వినబడుతుందని ఆమె వాదించింది. నేను అయిష్టంగానే సరేనన్నాను. ప్రదర్శన రోజు మూడో చిత్రం నడుస్తుండగా ఎవరో దగ్గడం, ఎవరిదో ప్లాస్టిక్ సంచి గలగలలాడటం తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత గిర్ని మొదలయ్యేసరికి నా ముందు వరుసలో ఒకామె చేత్తో కుర్చీ అంచు పట్టుకోవడం చూశాను. గ్యాలరీలో మనిషి నిమిషం నిలబడి వెళ్లిపోతాడు, కాపలా మనిషి చెప్పినదాన్ని బట్టి రెండో తట్ట దాకా ఉన్నవారే తక్కువ. హాలులో కూర్చున్నవారికి లేచిపోవడం మొహమాటం. ఆ మొహమాటం కూడా నాకు సాయం చేసింది.

ఆ ఏడాది చివర్లో మళ్లీ గ్యాలరీ పిలుపు వచ్చినప్పుడు, ఇంటికి తెచ్చి మొదట చూసుకున్న పాత డబ్బా టీవీ గుర్తొచ్చింది. పిక్చర్ ట్యూబు టీవీ ఫీల్డు తర్వాత ఫీల్డును టేపులో ఉన్న వరుసలోనే గీస్తుంది, దానికి ఏ మార్పిడీ అక్కరలేదు. కోఠీలో రెండు రోజులు తిరిగి, బాగుచేసే దుకాణంలో 21 అంగుళాల టీవీ ఒకటి కొన్నాను. మామయ్య ఆ ప్రదర్శనకు వచ్చాడు. మూడు తట్టలూ అయ్యేదాకా నిలబడే చూసి, రెండో తట్ట దగ్గర పట్టా వదులై జారిందని, అప్పుడే చెప్పి ఉంటే బిగించేవాణ్ణని కోప్పడ్డాడు. అక్కడ గీత ఎందుకు తడబడుతుందో నాకు అప్పటిదాకా తెలియదు. మోటారు మీద బరువు తగ్గడం వల్ల కావచ్చని ఇప్పుడు అనుకుంటున్నాను.

పత్రంలో ఐదో పేజీ మొదలయింది. ట్యూబు వేడెక్కి రంగు నిలకడగా రావడానికి ప్రదర్శన తెరిచే ముందు అరగంట టీవీ వేసి ఉంచాలని మొదటి వాక్యం. ఈ ట్యూబులు ఇప్పుడు కొత్తగా దొరకవు కాబట్టి అదే కొలత టీవీ ఇంకొకటి కొని, దుప్పటి చుట్టి మంచం కింద పెట్టాను.