48 వోల్టుల బటన్, మన చేతికిచ్చిన ఫోన్

దోహాలో హోటళ్ల బాంక్వెట్ హాళ్లలో సౌండ్ పని చేస్తుంటాను. కంపెనీ మీటింగైనా, రిసెప్షనైనా, మనవాళ్ల ఉగాదైనా, ప్రోగ్రాం మొదలయ్యే ముందు ఎవరో ఒకరు పరుగున వచ్చి ఫోన్ చేతిలో పెడతారు. "అన్నా, పిల్లల డాన్స్ పాట ఇందులనే ఉంది, జర కలుపవా" అంటారు. ఆ ఫోన్‌ని మిక్సర్‌లో (మైకులు, పాటలు అన్నీ కలిపి స్పీకర్లకు పంపే పెట్టెలో) ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్నది గల్ఫ్‌లో చిన్న ఈవెంట్లు చేసే మన కుర్రాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, అందుకే రాస్తున్నాను.

పోడియం మీద ఉండే సన్నటి, మెడ వంగే గూస్‌నెక్ మైకులు ఎక్కువగా కండెన్సర్ మైకులే. వాటికి కరెంటు కావాలి, ఆ కరెంటును మిక్సరే అదే మైకు కేబుల్‌లో పంపుతుంది, 48 వోల్టుల డీసీ. అదే ఫాంటమ్ పవర్. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో, అంటే మూడు పిన్నుల మైకు కనెక్టర్‌లో, 2, 3 పిన్నుల మీద సమానంగా, ఒక్కోదానికి 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా వస్తుంది, 1వ పిన్ను గ్రౌండ్. పాటగాళ్లు పట్టుకునే, లోపల తీగ కాయిల్ ఉండే మామూలు డైనమిక్ మైకుకు దీనివల్ల ఏమీ కాదు, కాయిల్ రెండు కొసల్లోనూ ఒకే వోల్టేజీ ఉంటుంది కాబట్టి అందులో కరెంటు పారదు. అందుకే చాలామంది మిక్సర్ మీది ఫాంటమ్ బటన్ నొక్కి ఇక మర్చిపోతారు. ఇబ్బందంతా ఇక్కడే. చిన్న మిక్సర్లలో అన్ని మైకు ఛానళ్లకూ కలిపి ఆ బటన్ ఒక్కటే ఉంటుంది. పోడియం మైకు పనిచేయాలంటే అది ఆన్‌లో ఉండాల్సిందే, అంటే పక్కన ఖాళీగా కనిపించే ఎక్స్‌ఎల్‌ఆర్‌లో కూడా 48 వోల్టులు సిద్ధంగా ఉన్నట్టే.

ఫోన్ హెడ్‌ఫోన్ జాక్ ఇచ్చేది సుమారు ఒక వోల్టు సిగ్నల్. దాని వెనకున్న చిప్ ఎదురుగా 48 వోల్టులు వస్తాయని ఊహించి చేసింది కాదు. పాత పరికరాల్లో అవుట్‌పుట్ దగ్గర కెపాసిటర్లు ఉండి డీసీని కొంత ఆపేవి, ఇప్పటి చిన్న పరికరాల్లో చాలావాటికి అవి ఉండవు. ప్రతిసారీ కాలిపోతుందని అనను, కానీ ఏది తట్టుకుంటుందో బయట నుంచి చూసి చెప్పలేం. పైగా బజార్లో దొరికే 3.5 ఎంఎం నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ కొన్నిట్లో ఎడమ ఛానల్ 2వ పిన్నుకు, కుడి ఛానల్ 3వ పిన్నుకు కలిపి ఉంటుంది. మిక్సర్ ఆ రెండిటి మధ్య తేడానే తీసుకుంటుంది కాబట్టి మధ్యలో ఉండే గొంతు మాయమై డొల్ల మ్యూజిక్ వినిపిస్తుంది. కేబుల్ లూజ్ అనుకుని పీకి పెట్టి, పీకి పెట్టి చేస్తారు, పెట్టిన ప్రతిసారీ ఫోన్‌కి ఒక దెబ్బ.

ఇండస్ట్రియల్ ఏరియా వైపు ఒక ప్రోగ్రాంకి ప్రేక్షకుడిగా వెళ్లినప్పుడు ఇది కళ్లారా చూశాను. జగిత్యాల వైపు తమ్ముడు, స్కఫోల్డింగ్ పని, జానపదాలు బ్రహ్మాండంగా పాడతాడు, ట్రాకులన్నీ ఫోన్‌లోనే. ఆపరేటర్ నేరుగా ఎక్స్‌ఎల్‌ఆర్‌లో పెట్టాడు, స్పీకర్లలో ధబ్‌మని ఒక చప్పుడు, ఇక ఆ జాక్‌లోంచి శబ్దం రాలేదు. "నీ ఫోనే పాతది" అనేసి సౌండ్ వాళ్లు చేతులు దులుపుకున్నారు. ఖతర్‌లో 2021 నుంచి కనీస బేసిక్ జీతం 1000 రియాళ్లు. దానికి దగ్గరగా సంపాదించే మనిషికి ఫోన్ అంటే పాటల పెట్టె మాత్రమే కాదు, ఇంటితో మాట, డబ్బు పంపే యాప్, అన్నీ అదే. ఆ రాత్రి నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ వస్తుంది.

ఇది ఆపడానికి పెద్ద ఖర్చు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ బాక్స్ (ఫోన్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టే, కరెంటు అక్కర్లేని చిన్న డబ్బా) చాలు, డీసీ ట్రాన్స్‌ఫార్మర్ దాటి అవతలికి పోదు. 3.5 ఎంఎం ఇన్‌పుట్ ఉన్న స్టీరియో డీఐ అయితే ఇంకా మంచిది. గ్రౌండ్ తీగను విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటే ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే వచ్చే గుయ్‌మనే మోత కూడా సాధారణంగా పోతుంది. డీఐ లేకపోతే స్టీరియో లైన్ ఇన్‌పుట్‌లోనో, ఆర్‌సీఏ టేప్ ఇన్‌లోనో (ఎరుపు, తెలుపు గుండ్రటి సాకెట్లు) పెట్టండి, మామూలుగా ఫాంటమ్ ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నుల మీదే వస్తుంది. కొందరు కేబుల్‌లోనే కెపాసిటర్లు వేసుకుంటారు. 50 వోల్టులవి మాత్రం వేయకండి, ఫాంటమ్ 52 దాకా ఉండొచ్చు, కనీసం 63 వోల్టులవి, ప్లస్ వైపు మిక్సర్‌కి. అయినా పెట్టేటప్పుడు వచ్చే తొలి దెబ్బను అవి ఆపలేవు, అందుకే నా ఓటు ట్రాన్స్‌ఫార్మర్‌కే.

బ్లూటూత్ రిసీవర్‌కీ ఇదే జాగ్రత్త. రికార్డర్ అయితే వ్యవహారం తిరగబడుతుంది: మిక్సర్ అవుట్‌పుట్‌ని రికార్డర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌లో పెట్టినప్పుడు రికార్డర్ మెనూలో ఫాంటమ్ ఆన్‌లో ఉంటే ఆ 48 వోల్టులు మన మిక్సర్ అవుట్‌పుట్‌లోకి వస్తాయి. ముందు మెనూ చూడండి.

ఏది కలిపినా ఛానల్ మ్యూట్ చేసి కలపండి. ఫాంటమ్ ఆఫ్ చేసిన వెంటనే తొందరపడకండి, లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ కాసేపు నిలిచే ఉంటుంది. అనుమానం ఉంటే 1, 2 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే తెలిసిపోతుంది. డీఐ బాక్స్ కోసం సూపర్‌వైజర్‌ని అడగండి, కొనకపోతే ఒకటి మీరే కొని, మీ పేరు రాసుకుని, స్టోర్ రూమ్‌లో కాకుండా మీ బ్యాగులోనే పెట్టుకోండి.