నా దగ్గర ఉన్న ముక్క

బడిలో పనిచేసినన్నాళ్లూ నా దగ్గర ఒక చిన్న డైరీ ఉండేది. ఒక పాప గురించి మూడు నెలల్లో అందులో రాసుకున్నవి నాలుగే మాటలు. 'మళ్లీ అదే గౌను.' 'పొద్దున్నే తరగతిలో నిద్ర.' 'పంటి నొప్పి, రెండో వారం.' 'తమ్ముణ్ణి చూసుకోవాలని మూడు రోజులు రాలేదు.' రాసుకున్న ప్రతిసారీ నాకొక కారణం తోచేది. ఇంట్లో ఇబ్బందిగా ఉందేమో, తల్లికి ఒంట్లో బాగాలేదేమో అనుకునేదాన్ని. ఆ కారణాలన్నీ నేను ఊహించుకున్నవే. ఒక్కటి కూడా ఎవరినీ అడిగి తెలుసుకున్నది కాదు.

ఆ తమ్ముడి బరువు పెరగడం లేదని టీకాలు వేసే నర్సు తన పుస్తకంలో రాసుకుంది. రాత్రిళ్లు పిల్లలిద్దరే ఇంట్లో ఉండటం పక్కింటామె చూసింది. గొడవ జరుగుతోందని ఎవరో చెబితే పోలీసులు ఒకసారి ఆ ఇంటికి వెళ్లి వచ్చారు. ఇవన్నీ నాకు తెలిసింది బాబు ఆసుపత్రి పాలయ్యాకే. బాబు బతికాడు. కానీ ఆ రాత్రి డైరీ తెరిచి నా నాలుగు మాటలు చదువుకున్నప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

తలా ఒక ముక్క తెలిసీ ఎవరూ కలిపి చూడకపోవడం వల్ల పిల్లలకు జరిగే హాని మీద ఆ తరవాత దొరికినవన్నీ చదివాను. ఐవరీ కోస్ట్‌లో పుట్టిన విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల పాప 2000 ఫిబ్రవరిలో లండన్‌లో చనిపోయింది. చదివిస్తామని వెంట తీసుకువచ్చిన బంధువు, ఆమెతో ఉన్న మనిషి కలిసి ఆ బిడ్డను చంపారు. ఒంటి మీద 128 గాయాలున్నాయి. సంక్షేమ శాఖలు, పోలీసులు, రెండు ఆసుపత్రులు, ఒక స్వచ్ఛంద సంస్థ... ఆ బిడ్డ వీళ్లందరి కంటా పడింది. కాపాడటానికి కనీసం 12 అవకాశాలు చేజారిపోయాయని లార్డ్ లామింగ్ విచారణ 2003లో తేల్చింది. అంతకు ముప్పై ఏళ్ల క్రితం, 1973లో, ఆ దేశంలోనే మరియా కోల్‌వెల్ అనే ఏడేళ్ల పాప చనిపోయినప్పుడు కూడా సంస్థల మధ్య సమాచారం సరిగా అందలేదనే విచారణలో తేలింది.

కొట్టిన దెబ్బ ఎప్పుడో ఒకప్పుడు ఎవరి కంటనైనా పడుతుంది. నిర్లక్ష్యం అలా కాదు. దానికి తేదీ ఉండదు, మచ్చ ఉండదు. తప్పిన టీకా, మానని పుండు, మూడు రోజుల గైర్హాజరు, ఇలా విడివిడిగా చూస్తే ప్రతిదీ చిన్న విషయమే. పక్కపక్కన పెడితేనే అది నిర్లక్ష్యమని తెలుస్తుంది. అందుకే సంస్థలు కలిసి పనిచేయాల్సిన అవసరం హింస కంటే నిర్లక్ష్యం విషయంలోనే ఎక్కువని నా నమ్మకం.

గోప్యత మాటేమిటని చాలామంది అడుగుతారు. సరైన ప్రశ్నే. కుటుంబం సంగతులు ఊరంతా చెప్పుకోకూడదు. కానీ గోప్యత ఉన్నది బిడ్డ కోసం. అవసరమైన వారికి అవసరమైనంత చెప్పడం దాన్ని మీరినట్టు కాదు. ప్రమాదం ఉందని తెలిసీ మౌనంగా ఉంటే కాపాడుతున్నది బిడ్డను కాదు, మనల్ని.

హింసకు గురైన పిల్లల కోసం ఐస్‌లాండ్‌లో 1998లో 'బార్నాహూస్' మొదలైంది. పిల్లల ఇల్లు అని ఆ మాటకు అర్థం. పోలీసు స్టేషన్‌లో ఒకసారి, ఆసుపత్రిలో ఒకసారి, కోర్టులో ఒకసారి బిడ్డ తన గాయాన్ని తిరిగి తిరిగి చెప్పుకోనక్కర్లేదు. శిక్షణ పొందిన ఒక్క మనిషి ఒక గదిలో కూర్చుని బిడ్డతో మాట్లాడతారు. పోలీసులు, న్యాయవాదులు, శిశు సంక్షేమ సిబ్బంది మరో గదిలో ఉండి వింటారు. వైద్య పరీక్ష కూడా ఆ ఇంట్లోనే. అంతకుముందే, 1985లో, అమెరికాలోని హంట్స్‌విల్‌లో ఇలాంటి కేంద్రం ఒకటి వచ్చింది. బిడ్డను సంస్థల చుట్టూ తిప్పకుండా సంస్థలే బిడ్డ దగ్గరికి రావడం అనే ఆలోచన నాకు ఎంతో నచ్చింది.

అయితే ఇదంతా గాయం తగిలాక. అసలు తగలకుండా చూడటం ఇంకా మేలు. 1970ల చివరలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో డేవిడ్ ఓల్డ్స్ బృందం మొదటి కాన్పు తల్లుల ఇళ్లకు నర్సులను పంపింది. గర్భంతో ఉన్నప్పటి నుంచి బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా ఆ నర్సులు వెళ్లేవారు. పదిహేనేళ్ల తరవాత చూస్తే, ఆ కుటుంబాల్లో హింస, నిర్లక్ష్యం కేసులు మిగతా వారికంటే బాగా తక్కువగా నమోదయ్యాయి. తల్లికి తోడు దొరికితే బిడ్డకు రక్షణ దొరికినట్టే. నేనూ ఆ పాప తల్లిని ఒక్కసారైనా కూర్చోబెట్టి ఎలా ఉన్నావని అడగలేదు.

ఇప్పుడు మా ఊళ్లో ఇలాంటి పిల్లల గురించి మాట్లాడుకోవడానికి నెలకోసారి ఒక గదిలో కలుస్తాం. బడి నుంచి, ఆసుపత్రి నుంచి, సంక్షేమ కార్యాలయం నుంచి, పోలీసుల తరఫున ఒక్కొక్కరు వస్తారు. నేను స్వచ్ఛందంగా వెళ్తాను. మా నమోదు పుస్తకంలో చివరి గడికి 'ఎవరు? ఎప్పటిలోగా?' అని పేరు పెట్టించాను. నలుగురికీ తెలిసిన పనిని నలుగురూ ఇంకొకరు చేస్తారనుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ గడి నిండేదాకా ఎవరూ లేవకూడదన్నది మా నియమం.

కిందటి నెల సమావేశంలో ఒక నర్సు వరుసగా రెండు టీకాలు తప్పిన బాబు గురించి చెబుతోంది. "ఆ బాబు అక్క మా తరగతిలోనే ఉంది. వారం నుంచి రావడం లేదు" అన్నాడు ఒక కుర్ర ఉపాధ్యాయుడు. చివరి గడిలో ఇద్దరి పేర్లూ రాశాం. మర్నాడు ఉదయం పది గంటలకు ఇద్దరూ కలిసి ఆ ఇంటి తలుపు తట్టారు.