మీటరున్నర ఎడం

విజయవాడలో సైకిలు తొక్కడం నేర్చుకుని, ఇప్పుడు బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఆసుపత్రి ఉద్యోగానికి సైకిలు మీదే వెళ్ళివస్తున్న నాకు, రెండు ఊళ్ళ డ్రైవర్ల మంచితనం గురించి రాయాలని చాలాకాలంగా ఉంది. రోడ్డు మీద జరిగిన గొడవలు చెప్పుకున్నంతగా, గొడవ రాకుండా చూసిన మనుషుల సంగతి మనం చెప్పుకోము.

బ్రిటన్‌లో చాలా సంస్థల్లో ‘సైకిల్ టు వర్క్’ అనే పథకం ఉంది. యాజమాన్యం సైకిలు ఇప్పించి, పన్ను లెక్కగట్టక ముందే దాని ఖరీదును జీతంలోంచి నెలనెలా మినహాయించుకుంటుంది. నేనూ అలాగే తీసుకున్నాను. డిసెంబరులో అక్కడ ఎనిమిది దాటితే గాని సూర్యుడు కనబడడు కాబట్టి, పొద్దుటి డ్యూటీకి చీకట్లోనే బయలుదేరాలి. మా వీధిలో ఇళ్ళన్నీ ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. కార్లు రెండు వైపులా ఇళ్ళ ముందే నిలిపి ఉంటాయి కనుక నడుమ ఒక్క బండి పట్టేంత దారి మాత్రమే మిగులుతుంది. ఆ దారి మధ్యన నేను తొక్కుతూ పోతుంటే, వెనక వచ్చిన కారు హారన్ కొట్టదు, ఇంజను రొద పెంచి తొందరపెట్టదు, తగినంత ఎడం ఉంచి నా వేగంతోనే వస్తుంది. నిలిపిన కార్ల మధ్య ఖాళీ కనబడగానే నేను పక్కకు తప్పుకుంటాను, డ్రైవరు స్టీరింగు మీది నుంచి చెయ్యెత్తుతాడు, నేనూ చెయ్యెత్తుతాను. అలాంటి పూట వార్డులో అడుగుపెట్టేటప్పుడు మనసు తేలిగ్గా ఉంటుంది.

ఇది అక్కడివారి పుట్టుగుణమని నేననుకోను. అక్కడి రోడ్డు నియమావళి ‘హైవే కోడ్’ను 2022 జనవరి 29న సవరించినప్పుడు, ఎదుటివారికి ఎక్కువ హాని చేయగల వాహనం నడిపేవారిదే ఎక్కువ బాధ్యత అని స్పష్టంగా రాశారు. గంటకు 30 మైళ్ళ లోపు వేగంతో సైకిలును దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం ఉంచాలని, వేగం అంతకు మించితే ఎడం కూడా పెరగాలని, రద్దీ లేని వీధుల్లో సైకిలు తన వరుస మధ్యలోనే పోవచ్చని అందులో ఉంది. జనావాసాల్లో రాత్రి 11.30 నుంచి ఉదయం 7 గంటల వరకు, ఎదుటి బండి వల్ల ప్రమాదం ఉంటే తప్ప హారన్ మోగించకూడదన్నది అంతకు ముందు నుంచీ ఉన్న నియమమే. లైసెన్సు కోరేవారు ఇవన్నీ చదివి పరీక్ష నెగ్గాలి. చదివినదానికి మించి చేసేవారు కూడా ఉంటారు. ఒక చలి ఉదయం సిగ్నలు దగ్గర పక్కన ఆగిన వ్యాను డ్రైవరు అద్దం దించి, “మీ వెనక లైటు ఆరిపోయింది, గమనించారా?” అన్నాడు. చలికి బ్యాటరీ పోయింది. పచ్చదీపం పడ్డాక ఆయన నన్ను దాటి పోలేదు. ఆసుపత్రి మలుపు దాకా తన నాలుగు దీపాలూ మిణుకుమిణుకుమనిపిస్తూ నా వెనకే నెమ్మదిగా వచ్చాడు.

సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు, ఇదే గుణం విజయవాడ వన్‌టౌన్‌లో మరో రూపంలో చూశాను. సరుకు దింపిన లారీ ఒకటి ఇరుకు వీధిలో వెనక్కి వస్తోంది. వెనక క్యారేజీ మీద ఉల్లిపాయల బస్తా కట్టుకుని ఒక పెద్దాయన సైకిలు నడిపించుకుంటూ అటే వస్తున్నాడు. క్లీనరు కుర్రాడు లారీ పక్కను దబదబా బాది, “ఆపన్నా, సైకిలు!” అని అరిచి, బస్తా ఒరగకుండా ఒక చెయ్యి ఆనించి, “రా పెద్దాయనా, నువ్వెళ్ళు ముందు,” అని దాటించాడు. ఆ కుర్రాడికి ఏ నియమావళీ ఈ పని అప్పగించలేదు. నాకు అదే గర్వంగానూ ఉంది, అదే బాధగానూ ఉంది. ఎందుకంటే అటువంటి కుర్రాడు లేని చోట ఆ పెద్దాయనకు అండ ఏమీ లేదు. బందరు రోడ్డు మీద గాని, ఏలూరు రోడ్డు మీద గాని సైకిలు తొక్కేవారిలో ఎక్కువమంది కూలికో కొలువుకో పోయేవారే, కాబట్టి మీటరున్నర ఎడం వారికి దక్కవలసిన హక్కని నేను గట్టిగా నమ్ముతున్నాను.

హైవే కోడ్‌లోని మరో సూచనను టాక్సీ నడిపే మా బాబాయికి చెప్పాను. డ్రైవరు కారు తలుపును దగ్గరున్న కుడి చేత్తో కాక ఎడమ చేత్తో తీయాలి. అప్పుడు నడుం తిరిగి చూపు దానంతట అదే వెనక్కి పోతుంది, వచ్చే సైకిలు కనబడుతుంది. మన బళ్ళలోనూ స్టీరింగు కుడి పక్కనే కనుక ఇందులో మార్చుకోవలసినది ఏమీ లేదు. గవర్నర్‌పేటలో బండి ఆపి ఆయన రెండు మూడుసార్లు తీసి చూశాడు.

“బాగానే ఉందిరా అబ్బాయ్, కానీ నాకంటే ఎక్కినవాళ్ళకే ముందు చెప్పాలి,” అన్నాడు. “ట్రాఫిక్‌లో బండి ఆగితే చాలు, వెనక సీట్లో ఎడం పక్కన కూర్చున్నవాళ్ళు చటుక్కున తలుపు తీసేస్తారు. సైకిళ్ళన్నీ ఆ సందులోంచేగా వచ్చేది!”

నాకు తట్టని మాట అది. ఎడమ పక్క కూర్చున్నవారికి దూరపు చెయ్యి కుడిది అవుతుంది. ఇప్పుడు ఆయన దింపవలసిన చోటు రాగానే ముందుగా అద్దంలో చూసుకుని, “కుడి చేత్తో తీయండమ్మా, సైకిలు వస్తోంది,” అని చెబుతున్నాడు. ఎందుకని అడిగినవారికి ఓపికగా వివరిస్తున్నాడు కూడా.