డ్రమ్ము నంబరు చెబితే తోట పేరు రావాలి

చిత్తూరు తోతాపురి మామిడి గుజ్జు కొనే విదేశీ కంపెనీలు ఇప్పుడు ఎఫ్‌ఎస్‌ఎస్‌సీ 22000 లాంటి ఆహార భద్రత సర్టిఫికెట్ అడుగుతున్నాయి. కొత్త యంత్రాలుంటే ఆడిట్ గట్టెక్కుతుందనుకోవద్దు, దొరికిపోయేది రికార్డుల దగ్గరే. ఆడిట్‌కొచ్చినవాళ్లు ఏదో ఒక గుజ్జు డ్రమ్ము చూపించి, ఇందులో కాయ ఏ తోటది, చివరిసారి ఏ మందు ఎప్పుడు కొట్టారు అంటారు. నాలుగు ట్రాక్టర్ల కాయ ఒకే కుప్పగా పోశాక జవాబేముంటుంది? దించేటప్పుడే ఏ తోట కాయకు ఆ లాటు నంబరు చీటీ కట్టాలి, ఆ నంబరే మాగబెట్టే గది నుంచి డ్రమ్ము దాకా నడవాలి.

కాయ మాగబెట్టడానికి కార్బైడ్ ఎలాగూ నిషేధం. ఇథిలీన్ గ్యాస్ 100 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో వంద వంతులు) దాకా వాడొచ్చు. ఇథిలీన్ వదిలే పొడి ప్యాకెట్లయితే కాయకు తగలకూడదు.

ఇంకోటి: గుజ్జును వేడిచేసి క్రిములు చంపే స్టెరిలైజర్ ఉష్ణోగ్రత, మెటల్ డిటెక్టర్ పరీక్ష ఎప్పటికప్పుడు రాయాలి. సాయంత్రం కూర్చుని ఒకే పెన్నుతో పేజీ నింపితే (చాలాచోట్ల జరిగేదిదే) ఆడిటర్ ఇట్టే పట్టేస్తాడు.